అరకులో జాగా కొనకు బావా

అరకులోయ,
డిసెంబరు

ఒరేయ్ బావా,

నీ పొడుగు మెసేజీలన్నిటికీ నేను రెండు ముక్కల్లో జవాబిస్తున్నానని అలిగావట, చెల్లాయి చెప్పింది. ఇవాళ పొద్దున్నుంచి కరెంటు లేదు, నెట్టూ లేదు. ఆఫీసు వాళ్లకి ముందే చెప్పేశాను. మీ చెల్లెలు ఆస్పత్రి డ్యూటీకి వెళ్లింది, పెద్దది బడికి వెళ్లింది, చిన్నోడు రగ్గులో దూరి పడుకున్నాడు. అంచేత కాగితం తీశాను. చదివే ఓపిక నీకుండాలి మరి.

ముందు నువ్వు అరకులో కొంటానంటున్న జాగా సంగతి తేల్చేస్తాను. ఎస్.కోట దాటాక "అరకు రోడ్డు ఫేసింగ్" అని బోర్డు పెట్టి అమ్మే ప్లాట్లు వేరు. బొడ్డవర దాటి ఘాట్ ఎక్కాక కథ వేరు. "ఓ గిరిజనుడి పేరు మీద అరెకరం ఉంచి, మీకు విడిగా అగ్రిమెంటు రాయిస్తాం" అన్నాడన్నావే మీ బ్రోకరు, ఆ అగ్రిమెంటు చిత్తుకాగితంరా. 1/70 చట్టం పేరు మనం చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం గానీ, అందులో ఏముందో నేను ఇక్కడికొచ్చాకే చదివాను. గిరిజనుడి భూమి మనలాంటి వాళ్లు అనుమతి లేకుండా కొనకూడదన్న నిబంధన 1959 నాటి చట్టంలోనే ఉంది. 1970 సవరణ ఇంకో మెట్టు పైకెక్కింది. ఏజెన్సీలో ఇదివరకే భూమి ఉన్న గిరిజనేతరుడు దాన్ని ఇంకో గిరిజనేతరుడికి అమ్మడానికి కూడా లేదు. అమ్మకమే కాదు, తనఖా, కౌలు కూడా బదిలీ కిందకే వస్తాయి. బొర్రా వైపు గనుల లీజుల మీద సమత సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు 1997లో ప్రభుత్వాన్ని కూడా ఇదే గాటన కట్టింది. సర్కారు సైతం షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమిని గిరిజనేతరులకి గనుల కోసం లీజుకివ్వకూడదు. అలాంటిది నువ్వూ నీ బ్రోకరూ ఏ మూల?

"అంతమంది రిసార్టులు కట్టారు కదా" అంటావు. కట్టినవాళ్ల కాగితాలు నేను చూడలేదు. బినామీ మాట మాత్రం ఇక్కడ టీకొట్టు దగ్గర రోజూ వినిపిస్తుంది. నన్నడిగితే ఈ చట్టం ఉండబట్టే ఈ లోయ ఇంకా లోయలా ఉంది. లేకపోతే ఈపాటికి గాలికొండ దాకా కాంపౌండు గోడలు, గేట్లు, "అరకు కౌంటీ ఫేజ్ టూ" బోర్డులు వచ్చేసుండేవి. మన ఊరి చుట్టూ మామిడితోటలు ఏమయ్యాయో నీకు నేను చెప్పాలా?

మరి మేమెలా ఉంటున్నామంటావా? సర్కారీ క్వార్టర్లో. మీ చెల్లెలికి ప్రభుత్వ డాక్టరు ఉద్యోగం వచ్చినప్పుడు ఏజెన్సీ తనే కోరుకుందని నీకు తెలుసు. మా అత్తగారు మాత్రం నేటికీ నమ్మరు. "ఏం తప్పు చేసిందిరా, అంతదూరం తోసేశారు?" అని నన్ను పక్కకి పిలిచి అడిగారు. మా నాన్నైతే మలేరియా అన్నాడు, నీళ్లు పడవన్నాడు, "పిల్లల చదువు గంగలో కలిపేస్తున్నార్రా" అన్నాడు. హైదరాబాదు నిజాంపేటలో ట్యాంకరు నీళ్లు తాగుతూ, బడి బస్సులో పొద్దుటో గంటా సాయంత్రమో గంటా కూర్చున్నప్పుడు వాళ్ల చదువు ఏ గంగలో ఉందో ఆయనకి గుర్తులేదు. పెద్దది ఇప్పుడు నడిచి వెళ్తోంది. బడి చిన్నదే. లెక్కలు నేను, సైన్సు వాళ్లమ్మ ఇంట్లో చూసుకుంటున్నాం. మనవాళ్లందరికీ ఉన్న ఐఐటీ బెంగ నాకూ ఉంది బావా, లేదనను. ఎనిమిదో తరగతికొచ్చాక చూద్దాం. క్లాసులో సగంమంది ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతారు. ఇది వాళ్లతో కలిసి అందులోనే పోట్లాడుకుంటోంది. ఏమంటోందో నాకు అర్థం కాదు, అదే దాని ధైర్యం.

ఇల్లు గురించి చెల్లాయి ఫోటోలు అడిగింది. ఫోటోల్లో బావుంటుంది, చూసి మోసపోవద్దను. వానాకాలం వస్తే గోడలు చెమరుస్తాయి. బట్టలు ఎండవు. బీరువాలో నా తోలు బెల్టుకి ఆకుపచ్చ బూజు పట్టింది. ఆ బీరువాలోనే ఉన్న పట్టుచీరలు మీ చెల్లెలు తీసుకెళ్లి విజయనగరంలో అమ్మ దగ్గర పెట్టింది. ఈ నెలలో వాన లేదు గానీ చలి. కొబ్బరినూనె సీసా ఎండలో పెడితేగానీ కరగదు, ఆ ఎండ తొమ్మిదైతేగానీ రాదు. చిన్నోడికి స్నానం చేయించడమంటే ఇంట్లో ఓ యుద్ధం. వలిసె పూలు అయిపోవచ్చాయి. నవంబరులో వచ్చుంటే చూద్దువు, లోయంతా పసుపే. ఆ పూలముందు నిలబడి ఫోటో తీసుకోవడానికి చేలో దిగి తొక్కేస్తారు జనం. రైతులు కొంతమంది ఇప్పుడు ఫోటోకింత అని డబ్బులు తీసుకుంటున్నారు. మంచి పని చేశారు. వలిసెలంటే నూనెగింజలు, ఆ పూట తిండి అది, మన బ్యాక్‌గ్రౌండు కాదు.

టూరిస్టుల మీద నాకీ ఉక్రోషం ఏమిటని నువ్వు నవ్వుతావు. మనం డిగ్రీలో ఉన్నప్పుడు ఆదివారం ఎస్.కోటలో కిరండూల్ పాసింజరు ఎక్కి, తలుపు దగ్గర కూర్చుని, బొర్రాలో దిగి ఎంత గోల చేశామో నాకూ గుర్తుంది. కానీ డిసెంబరు శనివారం సాయంత్రం ఇక్కడ రోడ్డు చూడు. చాపరాయి నుంచి ఊళ్లోకి వరసగా కార్లే. అంబులెన్సుకి దారి దొరకదు. మా ఇంటావిడ ఆ రెండురోజులూ రాత్రి ఫోను మోగితే ఉలిక్కిపడుతుంది. సోమవారం పొద్దున్నకి ఊరు మళ్లీ మామూలవుతుంది. బొంగులో చికెన్ ధర కూడా.

రైలు మాటొచ్చింది కాబట్టి చెప్తున్నా. మా పెద్దదానికి ఈ లైనంటే పిచ్చి. వైజాగు వెళ్లినప్పుడల్లా సొరంగాలు లెక్కపెడుతుంది. 50కి పైగా ఉన్నాయంటే నమ్మదు, లెక్క తప్పి మొదట్నుంచీ మొదలెడుతుంది, చిమిడిపల్లి వచ్చేసరికి నిద్రపోతుంది. ఒకసారి "ఇన్ని కొండలు తొలిచి మన ఊరికి రైలెందుకేశారు నాన్నా?" అంది. మన కోసం కాదమ్మా, బైలదిల్లాలో తవ్విన ఇనప రాయిని విశాఖ రేవుకి చేర్చి జపాను పంపడానికి 1960లలో వేశారు, అన్నాను. కాసేపు ఆలోచించి, "అయితే మనం ఆ రాయి రైల్లో ఖాళీ ఉన్నచోట కూర్చుంటున్నామా?" అంది. దాదాపు అంతే కదా! రాత్రిళ్లు మనకి వినిపించేదీ ఆ ఖనిజం బళ్ల చప్పుడే. వానాకాలంలో కొండచరియ విరిగి పట్టాల మీద పడిందంటే లైను ఆగిపోతుంది, అప్పుడు ఘాట్ రోడ్డే గతి. అనంతగిరి మలుపుల్లో మంచు పట్టినరాత్రి ఎదురుగా వచ్చే లారీ లైటు బాగా దగ్గరికొస్తేగానీ కనపడదు. నేనైతే చీకటిపడ్డాక దిగను.

ఇంక కాఫీ. దీని గురించి నేను మొదలెడితే ఆపనని నీకు భయం, అయినా విను. ఆస్పత్రిలో పనిచేసే ఒకావిడకి, కొండదొర తెగవాళ్లు, ఇంటి వెనకాల కొండవాలులో ఎకరం చిల్లర కాఫీ ఉంది. మొన్న ఆదివారం పిల్లల్ని తీసుకుని వెళ్లాం, కాయ కోతకి. పైన సిల్వర్ ఓక్ నీడ, ఓక్ మీదకి పాకిన మిరియాల తీగ, కింద నడుమెత్తు కాఫీ. ఎర్రగా పండింది మాత్రమే కొయ్యాలి, పచ్చిది కలిస్తే రుచీ పోతుంది, ధరా పోతుంది. ఒకే కొమ్మకి ఎర్రకాయ, పచ్చకాయ, మధ్యరకం కూడా ఉంటాయి. అంచేత ఒకే చెట్టు దగ్గరికి మళ్లీ మళ్లీ రావాలి. చిన్నోడు పండు నోట్లో పెట్టుకుని తియ్యగా ఉందని గుజ్జంతా చప్పరించి గింజలు ఆవిడ చేతిలో ఉమ్మాడు. ఆవిడ నవ్వి, ఆ గింజలు కూడా బుట్టలోనే వేసేసింది! ఏప్రిల్లో జల్లు పడ్డాక పూత వస్తుందట. రెండు మూడ్రోజులే, కొండ తెల్లగా అయిపోయి మల్లెల వాసనేస్తుందట. దానికోసం కాసుక్కూచున్నాను.

ఆవిడతో మాట్లాడుతుంటే అర్థమైంది, మనం కప్పులో చూసేది చివరి వంతు మాత్రమే. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు ఓక్ చెట్లు కూలి కాఫీ మీద పడ్డాయట. నీడ పోయింది, మొక్క పోయింది. మళ్లీ నాటితే కాపుకి నాలుగైదేళ్లు. 2019లో అరకు వ్యాలీ అరబికాకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, పారిస్‌లో అమ్ముతున్నారు, అంతా నిజమే. 2025లో కాయ తొలిచే పురుగు ఈ తోటల్లో మొదటిసారి కనపడ్డప్పుడు మాత్రం అధికారులే దగ్గరుండి కాయలు దులిపించి, వేడినీళ్లలో ముంచి పూడ్పించారు. కళ్లముందు పంటని గోతిలో పోస్తుంటే ఎలా ఉంటుందో ఊహించు. ఆవిడ తోటకి పురుగు రాలేదు గానీ, ఇప్పటికీ ప్రతి కాయనీ గుచ్చిగుచ్చి చూస్తుంది. కోత అయ్యాక మాకు ఇచ్చింది చోడంబలి, నంజుకి పచ్చిమిరపకాయ. కాఫీ మా ఇంట్లో ఎవరూ తాగం డాక్టరమ్మా, అంది.

వారపు సంత గురించి చెల్లాయికి చెప్పు, ఆమెకి నచ్చుతుంది. సామలు, చోళ్లు, రాజ్‌మా, పసుపు, అల్లం, కొండచీపుళ్లు, అడ్డాకులు కొండమీంచి దిగుతాయి. ఎండుచేపలు, ప్లాస్టిక్ బిందెలు, నైటీలు కిందనుంచి ఎక్కుతాయి. ఎవరు ఎవర్ని ముంచుతారో కాసేపు నిలబడి చూస్తే తెలుస్తుంది. తూకం రాళ్లు ఎప్పుడూ కిందనుంచి వచ్చినవాడి దగ్గరే ఉంటాయి. గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసేవాటికి కొంత నయం, ధర ముందే చెబుతారు. నేను బేరమాడను. మీ చెల్లెలు నన్ను అందుకే సంతకి పంపదు, తను పచ్చి బేరగత్తె అని నీకు తెలుసుగా.

తన పని సంగతి ఫోన్లో నీకు చెప్పదు, నేనే చెప్తా. హైదరాబాదులో కార్పొరేటు ఆస్పత్రిలో ఉన్నప్పుడు తలనొప్పితో ఇంటికొచ్చేది, ఎంత బిల్లు చేయించావని మీటింగుల్లో అడుగుతారని. ఇక్కడ అలసిపోయి వస్తుంది. రెండూ ఒకటి కావు. జ్వరాలు, రక్తహీనత, తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే సికిల్ సెల్ అనే రక్తజబ్బు. ఈ సికిల్ సెల్ మీద 2023లో కేంద్రం పెద్ద కార్యక్రమం మొదలెట్టింది, ఊరూరా పరీక్షలు చేస్తున్నారు. పెళ్లాడబోయే ఇద్దరికీ ఆ లక్షణం ఉందని తేలితే పెళ్లికిముందే ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అని రాత్రి అన్నం ముందు కూర్చుని నన్నడుగుతుంది. నాకేం తెలుసు, కంప్యూటర్లో కోడు రాసుకునేవాణ్ణి. రోడ్డులేని ఊళ్లనుంచి ఇంకా డోలీలో మోసుకొస్తారు, నిండు గర్భిణుల్ని. పేపర్లో ఫోటో చూసి "అయ్యో" అనుకునేవాళ్లం. ఇప్పుడా డోలీ మోసినవాళ్లు మా గుమ్మం ముందు కూర్చుని మంచినీళ్లడుగుతారు. కాన్పు బాగా జరిగినరోజు మా ఇంట్లో పాయసం ఉంటుంది. జరగనిరోజు తను మాట్లాడదు, నేనూ అడగను.

"వీకెండుకి బోర్ కొట్టదా" అన్నావు. కొడుతుంది. సినిమా లేదు, నీతో మిర్చిబజ్జీలు లేవు. ఆఫీసు కాల్‌లో అందరూ ట్రాఫిక్ గురించి మాట్లాడుకుంటుంటే కలవడానికి నా దగ్గర మాటుండదు. ప్రమోషను ఈసారి నాకు రాలేదు. కంటికి కనపడనివాడికి రాదు, అది నాకు వచ్చేముందే తెలుసు. పిల్లలు పడుకున్నాక ఇద్దరం కుంపటి దగ్గర కూర్చుంటాం, ఎక్కువ మాట్లాడుకునేది ఇక్కడికొచ్చాకే. ఒకరోజు నేను, "సొంతింట్లో ఉండకుండా ఇలా ఎన్నాళ్లు?" అన్నాను. "బదిలీ అయ్యేదాకా" అంది. అంతేకదా. గోడకి మేకు కొట్టాలన్నా సర్కారుని అడగాలి. ఇంటిముందు నాటిన నారింజ మొక్క కాయలు మా తర్వాత వచ్చే డాక్టరు తింటాడు. ఈఎంఐ కట్టీ కట్టీ ఆ నిజాంపేట ఫ్లాటు బాల్కనీలో ఒక్క సాయంత్రం కూర్చోలేదు నేను. ఇక్కడ నాది కాని వరండాలో రోజూ కూర్చుంటున్నాను.

కాబట్టి కొనడానికి రావద్దు, ఉండటానికి రా. శనాదివారాలు కాకుండా, సెలవు పెట్టి రా. చైత్రంలో ఇక్కడి గిరిజనులు చేసుకునే ఇటుకల పండగకైతే మరీ మంచిది. మగాళ్లు వేటకి పోతారు, ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా కర్ర పట్టుకుని బళ్లాపి డబ్బులడుగుతారు. నీ కారు ఆపితే అద్దం దించి నవ్వుతూ ఇవ్వు, 100కి ఫోన్ చెయ్యకు. కారుకన్నా రైలే మేలు. నీకు కుడివైపు కిటికీ, పిల్లలకి సొరంగాల లెక్క మా పెద్దది అప్పజెప్తుంది. దుప్పట్లు తెచ్చుకో, మా దగ్గర సరిపడా లేవు. అమ్మ చేసిన ఉసిరికాయ పచ్చడి విజయనగరంలో ఆగి పట్టుకురా. నాకోసం కాదు, కాఫీతోట ఆవిడకి ఇస్తానని మాటిచ్చాను.

కరెంటొచ్చింది, ఆఫీసు వాళ్ల మెసేజీలు మోగుతున్నాయి. చెల్లాయిని, పిల్లల్ని అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ బావ

తా.క. ఆ బ్రోకరుకి ఇప్పటికే టోకెన్ అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే, చెల్లాయికి ఈ ఉత్తరం చూపించకుండా ముందు నాకు ఫోన్ చెయ్.