వెనక ఫెన్సింగ్ పని, ఆదివారం

అందరికీ నమస్తే. మన లైన్ వెనక ఫెన్సింగ్ ఖాళీ ప్లాట్ వైపు బాగా ఉబ్బింది, మొన్నటి వానకు కడీలు (రాతి స్తంభాలు) కూడా ఒరిగాయి. తీగతో గుంజి కడదాం అంటున్నారు కానీ దాంతో పని కాదు, ఎందుకంటే ఫెన్సింగ్ జాలిని నెట్టేది మన ఇండ్లు కట్టినప్పుడు మిగిలిన మొరం, ఇటుక ముక్కలు, వాటి మీద మనమే వేసిన కొమ్మలూ చెత్తా. నీళ్లు తాగితే ఆ కుప్ప బరువెక్కి అటే తోస్తుంది. ముందు దాన్ని జాలి నుంచి రెండడుగులు వెనక్కి లాగాలి, వాన నీళ్లు పోను చిన్న కాలువ తీయాలి.

తర్వాతే కడీలు. సుత్తితో కొట్టి చూడండి, ఖంగుమంటే మంచి రాయి, మొద్దుగా మోగితే లోపల పగులుందని అనుమానించాలి, అది మార్చేద్దాం. ఏడడుగుల కడీ రెండడుగులన్నా భూమిలో ఉండాలి, మనవి అడుగు కూడా లేవు (కట్టినోడికి దండం పెట్టాలి). దారానికి కట్టిన గుండుతో నిలువు చూసి 1:2:4 కాంక్రీట్ (ఒక పాలు సిమెంటు, రెండు ఇసుక, నాలుగు కంకర) పోసి వారం తడపాలి, అప్పటిదాకా ఎవరూ జాలి బిగించొద్దు, పచ్చిమీద లాగితే మళ్లీ ఒరుగుతాయి. మూల కడీలకు ఫెన్సింగ్ లైన్ వెంబడే ఏటవాలుగా దన్ను కడీ పెట్టాలి, తీగ గుంజుడంతా వాటి మీదే పడుతుంది.

అటువైపు ప్లాట్ ఆయనకు ఒక మాట చెప్పే తవ్వుదాం. నల్లగొండలో కడీల రేటు కనుక్కుని రాత్రికి పెడతా. గడ్డపార, పార ఉన్నవాళ్లు ఆదివారం పొద్దున 7 కల్లా తెండి.