పట్టా లేనివారి ముంపు

సంపాదకులకు నమస్కారాలు.

వెలిగొండ ప్రాజెక్టు ముంపు గ్రామాల పునరావాసంపై పత్రికల్లో వస్తున్న వార్తలను క్రమం తప్పకుండా చదువుతున్నాను. మునిగే ఎకరాలెన్ని, ఇళ్లెన్ని అన్న లెక్క ఆ వార్తల్లో ఉంటుంది గానీ, సెంటు భూమికీ పట్టా లేకుండా ఆ ఊళ్లను నమ్ముకుని బతికినవారి ప్రస్తావన అరుదుగా కనబడుతుంది. అలాంటి వార్త చదివినప్పుడల్లా నాకు కెనడాలోని ఒక చిన్న ఊరు గుర్తుకొస్తుంది.

ఆ ఊరి పేరు సౌత్ ఇండియన్ లేక్. పేరు చూసి మన దక్షిణాదివారెవరో అక్కడ స్థిరపడ్డారని నేనూ మొదట పొరబడ్డాను. అక్కడ ఉండేది ఎక్కువగా క్రీ ఆదివాసులు. మానిటోబా ప్రావిన్సు ఉత్తర భాగంలో, చర్చిల్ నది వచ్చి చేరే విశాలమైన సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊరికి వైట్‌ఫిష్ అనే చేపల వేట ప్రధాన జీవనాధారంగా ఉండేది; ఎగుమతికి పనికొచ్చే మేలు రకమని ఆ చేపకు మంచి పేరు. 1970లలో అక్కడి విద్యుత్ సంస్థ మిస్సీ జలపాతం దగ్గర అడ్డుకట్ట వేసి, చర్చిల్ నీటిలో అధిక భాగాన్ని నెల్సన్ నదిపై ఉన్న జలవిద్యుత్ కేంద్రాల వైపు మళ్లించింది. దాంతో సరస్సు మట్టం సుమారు 3 మీటర్లు పెరిగి, ఊరు చోటు మారవలసి వచ్చింది. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉన్న ఒడ్డు నేల కరిగి విరిగిపడుతూ నీటిని బురదమయం చేసింది. మునిగిన చెట్టూచేమా కుళ్లే క్రమంలో పాదరసం చేపల ఒంట్లోకి చేరింది, చేప నాణ్యతా పడిపోయింది.

అయితే నేను చెప్పదలచిన విషయం ఆ తరువాత జరిగినది. ముంపు నష్టాలపై 1977లో కుదిరిన ఒప్పందంలో అయిదు ఆదివాసీ సమూహాలకు చోటు దక్కగా, అంతగా నష్టపోయిన ఈ ఊరికి మాత్రం దక్కలేదు. ప్రభుత్వ రికార్డుల్లో వీరికి సొంత రిజర్వు భూమి (ఆదివాసీ సమూహానికి ప్రభుత్వం ప్రత్యేకించే భూమి) గానీ, ప్రత్యేక సమూహమన్న గుర్తింపు గానీ లేకపోవడమే అందుకు కారణం. ఆ గుర్తింపు 2005లో వచ్చింది, అప్పటికి నీళ్లు మళ్లి దాదాపు మూడు దశాబ్దాలు.

మా అమ్మమ్మగారి ఊరు సోమశిల వెనుక జలాల కింద ఉంది. పట్టా ఉన్నందున మా తాతగారికి పరిహారం ముట్టింది. ఆయన పొలాన్ని కౌలుకు చేసినవారికీ, పెన్నలో వలలు వేసుకుని బతికిన బెస్త కుటుంబాలకూ జాబితాలో పేరే లేదు. వారు ఏ ఊళ్లకు చెదిరిపోయారో మా ఇంట్లో ఎవరికీ తెలియదు, నిజానికి మేమూ ఎన్నడూ ఆరా తీయలేదు.

2013 భూసేకరణ చట్టం ప్రకారం, భూమి లేకపోయినా సేకరణకు ముందు మూడేళ్లుగా అక్కడ కౌలు, కూలి పనులపై ఆధారపడినవారూ, అడవి మీదో నీటి వనరుల మీదో బతుకుతున్నవారూ బాధిత కుటుంబాల కిందికే వస్తారు. వెలిగొండ జాబితాల్లో ఇలాంటి కుటుంబాలకు ఏ మేరకు చోటు దక్కిందో అధికారులు గ్రామసభల్లో పేరుపేరునా చదివి వినిపించాలని కోరుతున్నాను. మీ విలేకరులు కూడా ఈసారి ఆ ఊళ్లకు వెళ్లినప్పుడు, పట్టాదారులతో మాట్లాడాక పక్క వీధిలోని కౌలుదారుల ఇళ్లకూ, మేకల కాపరుల ఇళ్లకూ వెళ్లి అడగాలని మనవి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
ఆత్మకూరు, నెల్లూరు జిల్లా.