అంతర్జాల బొమ్మల కథల ముద్రిత సంకలనం: సభ్యులకు వార్షిక నివేదిక

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశ తీర్మానం ప్రకారం, నల్లగొండ, సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల చిత్రకారులు ఇన్‌స్టాగ్రామ్‌లోనూ వాట్సాప్‌లోనూ పెడుతున్న బొమ్మల కథలను సేకరించి, 32 పేజీల పుస్తకంగా అచ్చు వేయించడానికే ఈ ఏడాది సంఘం ఎక్కువ సమయం కేటాయించింది. 2009లో, ఎవరైనా ఉచితంగా సొంత వెబ్ పేజీలు పెట్టుకోగలిగిన జియోసిటీస్ సైటు మూతపడినప్పుడు, 2020 చివర వెబ్‌లో కదిలే బొమ్మలను చూపే ఫ్లాష్ సాఫ్ట్‌వేర్ నిలిచిపోయినప్పుడు ఎందరి బొమ్మలో కనబడకుండా పోయాయి కాబట్టి, ఈ పని వాయిదా వేయదగినది కాదని కార్యవర్గం భావించింది.

ఫోన్‌లో ఉచితంగా కనిపించినంత మాత్రాన బొమ్మ అందరిదీ అయిపోదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం దానిపై హక్కు గీసినవారి జీవితకాలమూ, ఆపై 60 ఏళ్లూ ఉంటుంది. అందుకే ప్రతి చిత్రకారుని నుంచీ రాతపూర్వక అనుమతి తీసుకున్నాము. జవాబు రానివారి కథలు ఎంత బాగున్నా పక్కన పెట్టాము.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ పెట్టింది అసలు ఫైళ్ల సేకరణ. ఫోన్ నుంచి దించుకున్న బొమ్మ సాధారణంగా 1080 పిక్సెళ్ల వెడల్పే ఉంటుంది. అంగుళానికి 300 చుక్కల లెక్కన అది కాగితంపై 3.6 అంగుళాలకు మించి నిండుగా రాదు. మన ఏ5 పేజీ వెడల్పుకు దాదాపు 1750 పిక్సెళ్లు కావాలి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చినవాటి నాణ్యత ఇంకా తగ్గిపోయింది. చివరకు చిత్రకారుల ఇళ్లకే వెళ్లి, పాత ల్యాప్‌టాప్‌లు తెరిపించి, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు తెచ్చిన యువ సభ్యులకు కార్యవర్గం మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు తెలుపుతోంది.

మొదటి ప్రూఫ్‌లో రెండు లోపాలు బయటపడ్డాయి. నల్లని అక్షరాలు నాలుగు రంగుల ప్లేట్ల మీదా పడి, ప్లేట్లు వెంట్రుకవాసి జరగడంతో వత్తుల చుట్టూ ఎర్రటి నీడ వచ్చింది. మాటలను ఒక్క నలుపు ప్లేటుకే మార్పించాము. రెండవది మాకు ఎక్కువ బాధ కలిగించింది. మాటలను మళ్లీ టైపు చేసిన డీటీపీ ఆపరేటర్, తప్పులనుకుని కాబోలు, బస్టాండు కథలో ముసలమ్మ అడిగిన "యాడికి వోతున్నవ్ బిడ్డా?" అన్న మాటను "ఎక్కడికి వెళ్తున్నావు అమ్మా?" అని దిద్దారు. ఆ ఒక్క మాటతో ఆమె మన ఊరి మనిషి కాకుండా పోయింది. కథలన్నిటినీ మూలంతో పక్కపక్కన పెట్టి చదివి, యాసను యథాతథంగా పునరుద్ధరించాము.

ఫోన్‌లో బొటనవేలితో పైకి జరుపుతూ చదివే కథను పేజీలోకి మార్చడంలో, గడుల మధ్య వదిలిన ఖాళీని చాలామంది వృథా అనుకున్నారు. అది చదువరి ఆగవలసిన చోటు. వాన కోసం ఎదురుచూసే రైతు కథలో ఆ ఖాళీని తీసివేయకుండా, తర్వాతి బొమ్మను పేజీ తిప్పాకే కనిపించేలా అమర్చాము, చిత్రకారుడూ సమ్మతించారు.

లోపలి పేజీలకు మ్యాప్‌లితో (మెరుపు పూత లేని తెల్ల) కాగితం వాడించి, సెంటర్ పిన్నింగ్ (మధ్య మడతలో పిన్నులు కొట్టడం) చేయించాము. జమాఖర్చుల పట్టిక కోశాధికారి వద్ద ఉంది. అచ్చయిన పుస్తకాల ప్రతులను గ్రంథాలయాలకు అందజేయాలనే 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, మిగిలిన మూడు గ్రంథాలయాలకూ పంపవలసిన ప్రతులను వేరుగా తీసిపెట్టాము. రెండవ సంకలనానికి బొమ్మలు ఇవ్వదలచిన సభ్యులు అనుమతి పత్రంతో పాటు, కుదించని అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లోనే కార్యదర్శికి అందజేయవలసిందిగా కోరుతున్నాము.

కార్యవర్గం తరఫున,
కార్యదర్శి, నల్లగొండ