బౌలింగ్ కోచ్ అంటే అంత అలుసా?

సంపాదకుల వారికి,

నమస్కారం. పోయిన మంగళవారం (2025 జూలై 15) నాటి మీ స్పోర్ట్స్ పేజీ చూసినప్పటి నుంచి రాయాలా వద్దా అని ఊగిసలాడి, వారం తిరక్కముందే కూర్చున్నాను. "మీరు రాస్తే వాళ్లు వేస్తారా?" అని మా ఇంట్లో ఎకసెక్కం. వేయకపోతే పోనివ్వండి, నా కడుపుబ్బరమైనా తీరుతుంది.

ఆ రోజు పేజీలో మూడొంతులు లార్డ్స్ టెస్టే. ఉండాల్సిందే. ఇంగ్లండ్ స్పిన్నర్ బషీర్ వేసిన బంతిని సిరాజ్ చక్కగానే ఆడాడు. అది కింద పడి, వెనక్కి దొర్లి, పోయి పోయి వికెట్లకు తగిలింది. 22 పరుగుల తేడాతో ఓడాం. పిచ్ మీద చతికిలబడిన సిరాజ్ ఫొటో మీరు పెద్దగా వేశారు. చూసి నాకూ గొంతు పట్టేసింది. అదే పేజీ అడుగున, ఇన్వర్టర్ బ్యాటరీల ప్రకటన పక్కన, అగ్గిపెట్టెంత వార్త ఇంకొకటి ఉంది. సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు కొత్త బౌలింగ్ కోచ్ వచ్చాడట, జేమ్స్ ఫ్రాంక్లిన్ స్థానంలో. అంతే. ఫ్రాంక్లిన్‌ను ఎందుకు పంపారో ఒక్క ముక్క లేదు. ఫ్రాంచైజీ చెప్పలేదు, మీరు అడగలేదు. ఇంట్లో గ్యాస్ సిలిండర్ మార్చినా ఇంతకంటే ఎక్కువ మాట్లాడుకుంటాం.

పైన ఉన్న ఫొటోకూ కింద ఉన్న వార్తకూ సంబంధం ఏమిటో మీ డెస్కులో ఒక్కరికీ తట్టలేదా అన్నది నా బాధ.

సిరాజ్ ఎలా తయారయ్యాడో హైదరాబాదీలకు నేను చెప్పక్కర్లేదు. ఆటో నడిపే తండ్రి, ఫస్ట్ లాన్సర్ సందులు, టెన్నిస్ బంతి... ఇవన్నీ మీరు పండగలా రాస్తారు. 2016-17 రంజీ సీజన్‌లో హైదరాబాద్‌కు కోచ్‌గా వచ్చిన భరత్ అరుణ్ గురించి మాత్రం ఒక వాక్యం రాసి దాటేస్తారు. ఆ ఏడాది సిరాజ్ 41 వికెట్లు తీశాడు. ఆ కుర్రాడి చేతిలో ఉన్న సరుకు చూసి, నమ్మి, ఆడించినవాడు అరుణ్. ఆయన పుట్టింది విజయవాడలోనే అన్న సంగతి ఎంతమందికి తెలుసు? 2017 జూలైలో రవిశాస్త్రిని హెడ్ కోచ్ చేసినప్పుడు బౌలింగ్ బాధ్యత జహీర్ ఖాన్‌కు అని ముందు ప్రకటించి, ఇంచుమించు వారానికి అరుణ్‌ను తెచ్చి కూర్చోబెట్టారు. అప్పుడూ మన పత్రికలకు పేర్ల పంచాయితీయే ముఖ్యం, పని కాదు. ఆ నవంబరులోనే సిరాజ్ ఇండియా జెర్సీ వేసుకున్నాడు. బ్రిస్బేన్‌లో ఐదు వికెట్లు, ఆసియా కప్ ఫైనల్లో 21 పరుగులకు 6, ఈ నెలే ఎడ్జ్‌బాస్టన్‌లో 70కి 6. ఈ చెట్టుకు మొదట నీళ్లు పోసినవాడు ఒక బౌలింగ్ కోచ్.

మరి ఆ చెట్టు మన పెరట్లో ఎన్నాళ్లు ఉంది? 2017లో సన్‌రైజర్స్ 2 కోట్ల 60 లక్షలకు కొన్నారు, ఒక్క సీజన్ ఆడించి వదిలేశారు. ఏడేళ్లు బెంగళూరు, ఇప్పుడు గుజరాత్. మొన్న ఏప్రిల్ 6న అతను మన ఉప్పల్‌కే వచ్చి మన జట్టు మీదే 17 పరుగులకు 4 వికెట్లు తీసిపోయాడు. నేను ఆ మ్యాచ్ టీవీలో చూస్తూ ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక ఊరుకున్నాను.

ఇక ఫ్రాంక్లిన్ చేసిన నేరం ఏమిటో వెతుకుదాం. ఈ 2025 సీజన్ దాకా ఐపీఎల్ చరిత్రలో ఒక బౌలర్ నాలుగు ఓవర్లలో ఇచ్చిన అత్యధిక పరుగులు 76. ఆర్చర్, రాజస్థాన్, మార్చి 23. రెండోది 75. షమీ, మన జట్టే, ఏప్రిల్ 12. ఆఖరి ఓవర్లో స్టోయినిస్ వరసగా నాలుగు సిక్సర్లు బాదిన మ్యాచ్ అది. రెండూ ఉప్పల్‌లోనే, ఇరవై రోజుల తేడాలో. ఆ రెండో రోజు పంజాబ్ 245 కొడితే మనవాళ్లు ఇంకా 9 బంతులు మిగిలి ఉండగానే కొట్టేశారు. అభిషేక్ శర్మ 141. మర్నాడు మీ శీర్షికలో విధ్వంసం, పరుగుల సునామీ వగైరా. సునామీలో కొట్టుకుపోయినవాళ్ల గురించి ఎవరూ రాయరు కదా. సిరాజ్ అదే మైదానంలో 4 వికెట్లు తీశాడు కాబట్టి పిచ్‌దే తప్పంతా అనను, ఆ రోజు వికెట్ కొంచెం నెమ్మదిగా ఉన్న మాటా నిజమే. కానీ సిమెంటు రోడ్డు లాంటి పిచ్ తయారు చేయించి, బౌండరీ లోపలికి లాగి, ఇంపాక్ట్ ప్లేయర్ (మ్యాచ్ మధ్యలో మార్చుకునే ఆటగాడు) అని ఎనిమిదో బ్యాటరును దించి, తర్వాత బౌలింగ్ కోచ్‌ను పట్టుకుని "నువ్వేం చేశావయ్యా?" అంటే అత్త మీద కోపం దుత్త మీద చూపినట్టు లేదూ?

పేసర్ భువనేశ్వర్ కుమార్‌ను ఫ్రాంక్లిన్ వదులుకున్నాడా? ఈ జట్టుకే ఆడుతూ 2016లో, 2017లో పర్పుల్ క్యాప్ (సీజన్‌లో అందరికంటే ఎక్కువ వికెట్లు తీసినవాడికిచ్చే టోపీ) గెలిచినవాడు. వేలంలో బెంగళూరు 10 కోట్ల 75 లక్షలకు ఎగరేసుకుపోయింది, జూన్ 3న కప్పు కూడా ఎత్తింది. వేలం బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు అక్కడే ఉన్నారు. హెడ్ కోచ్ వెటోరీ అక్కడే ఉన్నాడు. ఆరో స్థానంలో నిలిచినందుకు పోయినవాడు మాత్రం బంతి గురించి మాట్లాడేవాడు. 2018లో ఇదే జట్టు 118 పరుగులు చేసి, ముంబయిని వాళ్ల వాంఖడేలోనే 87కు చుట్టేసింది. ఆ మ్యాచ్ ఎవరికైనా గుర్తుందా అని మా కాలనీ పార్కులో అడిగితే నలుగురిలో ఒకరికి గుర్తుంది. 287 కొట్టిన మ్యాచ్ మాత్రం అందరికీ కంఠతా.

ఫ్రాంక్లిన్ ఇంగ్లండ్‌లో డర్హమ్ కౌంటీకి నాలుగు సీజన్లు హెడ్ కోచ్‌గా చేశాడు. 2022 చివర వాళ్లూ అతన్ని సాగనంపారు, మరుసటి ఏడే ఆ జట్టు రెండో డివిజన్ గెలిచి పైకి వచ్చింది. కోచ్‌ను మార్చకూడదని నేను అనడం లేదు. కౌంటీల్లో సీజన్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా సాగుతుంది, నాలుగు రోజుల మ్యాచ్‌లే పద్నాలుగు. చలికాలమంతా ఇండోర్ నెట్స్‌లో బౌలింగ్ కోచ్ కుర్రాళ్ల రనప్ దగ్గర, మణికట్టు దగ్గర కూర్చుంటాడు. ఏడాది పొడుగునా చూసి, పని జరిగిందో లేదో తేల్చి పంపుతారు. మన దగ్గర రెండు నెలల కాపురం. మార్చిలో దిగుతాడు, జూన్‌కు విమానం ఎక్కుతాడు, జూలైలో సోషల్ మీడియాలో ఇంకొకరికి స్వాగతం. ఈ లోపల ఎవరికి ఏం నేర్పాడని కొలుస్తారు?

నేను పెద్ద ఆటగాణ్ణేమీ కాదు. ఆఫీసు టీముకు లీగ్ మ్యాచుల్లో మీడియం పేస్ వేసినవాణ్ణి. 1978లో మా సీనియర్ ఒకాయన జింఖానా గ్రౌండ్‌లో మ్యాటింగ్ మీద తన జేబు రుమాలు నాలుగు మడతలు పెట్టి గుడ్ లెంగ్త్‌లో పరిచేవాడు. ఆరు బంతుల్లో ఒకటి దాని మీద పడితే ఇరానీ హోటల్లో చాయ్ ఆయనది. పడకపోతే నాది. మొదటి నెల నా జీతంలో చాయ్ ఖర్చు చూసి మా అమ్మ అనుమానపడింది. బంతి ఎక్కడ పడుతోందో ఆయన చూసేవాడే కాదు. ముగ్గుపిండితో గీత గీసి, నా ఎడమ కాలు ఎక్కడ పడుతోందో చూసేవాడు. "చెయ్యి సంగతి తర్వాత, ముందు కాలు సరిగ్గా పెట్టు" అనేవాడు. ఆయనకు కోచ్ అన్న పేరు లేదు, జీతం లేదు, రుమాలు మాత్రం మాసిపోయేది.

ఇప్పుడు మా మనవడికి పదమూడేళ్లు. ఫాస్ట్ బౌలింగ్ పిచ్చి. ఊరి చివర ఒక అకాడమీలో చేర్పించాం (పేరు చెప్పను, అన్నీ ఒకే తాను ముక్కలు). వెళ్లి చూస్తే మధ్యలో ధగధగలాడే బౌలింగ్ మెషీన్. బ్యాటింగ్ పిల్లలు వరసగా దానికి ఎదురుగా నిలబడతారు. బౌలింగ్ పిల్లలు చివరి నెట్‌లో, పన్నెండు మంది ఒక బంతికి. కోచ్ గారు కుర్చీలో, చేతిలో ఫోను. మావాడి ముందు కాలు అడ్డంగా పడుతోంది, నడుము మెలి తిరుగుతోంది, నాకే కనబడుతోంది. వెళ్లి చెబితే "అంకుల్, ముందు బ్యాటింగ్ మీద ఫోకస్ చేయించండి, స్కోప్ ఉంటుంది" అన్నాడు. రెండు నెలలకు నడుం నొప్పి. డాక్టరు ఆరు వారాలు బంతి ముట్టొద్దన్నాడు. అకాడమీ ఆ ఆరు వారాల ఫీజు కూడా కట్టించుకుంది.

ఇక పై అంతస్తు సంగతి. హైదరాబాద్ క్రికెట్ సంఘాన్ని చక్కదిద్దడానికి సుప్రీంకోర్టు ఏకసభ్య కమిటీ వేయాల్సి వచ్చింది. ఈ వేసవిలో ఉచిత పాసుల కోసం తమను వేధిస్తున్నారని, ఒక బాక్సుకు తాళం కూడా వేశారని ఫ్రాంచైజీ ఆరోపిస్తే, కాదని సంఘం. ఒక స్టాండుకు అజహర్ పేరు ఉండాలా తీయాలా అన్నది ఇంకో రగడ, అదీ హైకోర్టుకు వెళ్లింది. ఈ నెలే అధ్యక్షుడిని సీఐడీ అరెస్టు చేసింది. నిజానిజాలు కోర్టు తేలుస్తుంది, నేనెవర్ని. కానీ ఈ ఏడాదిలో హైదరాబాద్ క్రికెట్ గురించి మీరు వేసిన వార్తల్లో పాసులు, తాళాలు, పేర్లు, కేసులు తీసేస్తే బంతి గురించి ఎన్ని మిగులుతాయో ఒకసారి లెక్కపెట్టండి. లీగ్ మ్యాచ్ స్కోర్లు వేసే చోట ఇప్పుడు రాశిఫలాలు.

కొత్తగా వచ్చిన వరుణ్ ఆరోన్ మీద నాకు ఏ కోపమూ లేదు. పైగా ఆశ. గంటకు 150 కిలోమీటర్లు దాటించినవాడు, లెస్టర్‌షైర్‌కు కౌంటీ ఆడినవాడు. ఎల్లుండి నాలుగో టెస్టు మొదలయ్యే మాంచెస్టర్ మైదానంలోనే 2014లో అతని బంతి హెల్మెట్ జాలీలోంచి దూరి ఇంగ్లండ్ ఆటగాడు బ్రాడ్ ముక్కు పగలగొట్టింది. అన్నిటికంటే ముఖ్యం, నడుములో స్ట్రెస్ ఫ్రాక్చర్లు పదేపదే అనుభవించినవాడు. 9 టెస్టులతో ఆగిపోయింది ఆ నడుము వల్లే. మావాడి లాంటి పిల్లలకు ఏం చెప్పాలో అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. అతన్ని మార్చిలో రమ్మనకుండా ఇప్పుడే రప్పించి, ఐపీఎల్ లేని నెలల్లో జింఖానాలో పది మంది కుర్రాళ్లను అప్పజెప్పమని ఫ్రాంచైజీని మీరు అడగండి. మేం అడిగితే సెక్యూరిటీ గేటు దగ్గరే ఆపుతాడు.

మరొక్క మాట. మీ వార్తలో అతని పేరు "వరుణ్ అరుణ్" అని పడింది. సిరాజ్ కింద ఆ పేరు చూసి, ఎవరో భరత్ అరుణ్‌ను తలుచుకుంటూ రాసి ఉంటారులే అని ఒక్క క్షణం సంబరపడ్డాను. కాదని తర్వాత అర్థమైంది. సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాత మీడియం పేసర్,
మల్కాజిగిరి, హైదరాబాద్.
21-7-2025