దీత్‌ని అడవిలోనే వదిలేశారు

నెట్‌ఫ్లిక్స్ కార్యక్రమాల అధికారి గారికి,

నమస్కారం. ‘ది డార్క్ క్రిస్టల్: ఏజ్ ఆఫ్ రెసిస్టెన్స్’ అనే బొమ్మలాట సిరీస్ మీరు ఆపేసి ఏళ్లు గడిచినా నా కోపం చల్లారలేదు. 2019 ఆగస్టులో 10 భాగాలూ ఒకేసారి వదిలారు. 2020 సెప్టెంబరులో పిల్లల కార్యక్రమాల విభాగంలో ఎమ్మీ అవార్డు వచ్చింది. ఆ సంతోషం తీరకముందే, కొద్ది రోజులకే, రెండో సీజన్ లేదన్న కబురు! వ్యాపారం మీది, లెక్కలు మీవి, కాదనను. కానీ లోకాన్ని పట్టిన చీకటి తన ఒంట్లోకి పాకిన నాయిక దీత్ అడవిలోకి వెళ్లిపోతుంటే కథ ఆగిపోయింది. పప్పు వడ్డించి విస్తరి లాగేసినట్టుంది.

విమర్శించినవాళ్ల సంగతి ఇంకోటి. దీత్ జాతివాళ్లైన గెల్ఫ్లింగుల బొమ్మల మొహాలు బిగుసుకుపోయాయట, కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో చేసేస్తే పోయేదట. వీళ్లు అందులో హప్ అనే బొమ్మని చూశారా అసలు? చెక్క గరిటె పట్టుకుని యోధుణ్ణవుతానంటూ బయల్దేరే బుడంకాయ. గరిటె పట్టుకునే తీరులోనే వాడి ధైర్యం, భయం రెండూ తెలిసిపోతాయి. కింద నక్కి, చెయ్యి తలపైకెత్తి, మానిటర్ చూస్తూ బొమ్మనాడించే మనిషి పనితనం అది. మా తోలుబొమ్మల మొహాలైతే అసలు కదలవు. అయినా కేతిగాడు తెరమీదకొచ్చి మెడ విదిలిస్తే చాలు, జనం పగలబడి నవ్వుతారు.

పిల్లల బొమ్మలాటేగా అని కొట్టిపారేసినవాళ్లూ ఉన్నారు. కథలోని దుష్టపాలకులు స్కెక్సిస్‌లు గెల్ఫ్లింగుల ప్రాణసారం తాగే సీన్ చూశాక, దాన్ని పిల్లలకి చూపించే ధైర్యం నాకైతే లేదు.

మళ్లీ పది భాగాలు తీయమనను. ఒక్క సినిమాగానైనా ముగించండి.

ఇట్లు,
ఒక పాత చందాదారు