డిస్కుని నమ్మకురా

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరం వచ్చి నెలన్నర. తిట్టుకో, తప్పు నాదే. ఇంట్లో అందరూ కులాసా, అమ్మ మోకాళ్లు మామూలే, చిన్నదాన్ని బళ్లో వేశాం. అంతే వార్తలు.

నువ్వు చివర్లో ఏదో చిల్లర మాటలా రాశావే, "ఐసీయూ బ్లడ్ కల్చర్‌లో రాణిగారు దిగారు, సూడోమోనాస్ చార్టు చూసి డిస్కులు చదివేశాం" అని! అది చదివిన దగ్గర్నుంచీ నాకు మనసు మనసులో లేదు. సూడోమోనాస్ వేరే బాక్టీరియా. మనం రాణిగారనే ఎలిజబెత్‌కింగియా బాక్టీరియాకి, ల్యాబు ప్రమాణాలు పెట్టే సీఎల్‌ఎస్‌ఐ జోన్ కొలతలే (మందు డిస్కు చుట్టూ బాక్టీరియా పెరగని వలయం ఎంతుండాలో) ఇవ్వలేదురా. "ఇతర నాన్ ఎంటెరోబ్యాక్టీరేల్స్" గుంపులో పడేసి ఎంఐసీ (పెరుగుదలని ఆపే కనీస మందు గాఢత) అంకెలు మాత్రం ఇచ్చింది. జోన్ ఎంత గుండ్రంగా, ముద్దుగా వచ్చినా చదవడానికి చార్టు లేదు. వాంకోమైసిన్ చుట్టూ జోన్ చూసి సంబరపడ్డావు కదా, గ్రామ్ నెగటివ్ రకం బాక్టీరియాకి అలా రావడం, కొలిస్టిన్‌కి లొంగకపోవడం రాణిగారిని గుర్తుపట్టడానికి పనికొస్తాయి. రిపోర్టులో "ఎస్" (ససెప్టిబుల్, అంటే మందుకి లొంగుతుంది) కొట్టడానికి కాదు. (ఆవిడ రాణి కాదనుకో, 1959లో దీన్ని వర్ణించిన అమెరికన్ ఎలిజబెత్ కింగ్. అయినా మన పేరే బాగుంది.)

బ్రాత్ మైక్రోడైల్యూషన్ పెట్టు, అదే, మందు వేర్వేరు బలాల్లో ఉన్న చిన్న గుంటల (వెల్స్) ప్లేటులో బాక్టీరియాని పెంచి ఎంఐసీ చూసే పద్ధతి. బ్లడ్ అగార్ మీద రాత్రి పెరిగిన కాలనీలే తీసుకో, మ్యాకాంకీ మీద అది చాలాసార్లు పెరగదు. సెలైన్‌లో 0.5 మెక్‌ఫార్లాండ్ (ద్రవం మబ్బుతనం కొలత) వచ్చేలా కలుపు. మన మెస్సు మజ్జిగలోంచి అవతలి బెంచీ కనపడేది చూడు, అంత పల్చన. 15 నిమిషాల్లోపు కేటయాన్ అడ్జస్టెడ్ ముల్లర్ హింటన్ బ్రాత్‌లో నూరో వంతు చెయ్యి, 9.9 మి.లీ.కి 0.1. వెల్‌లో రెట్టింపు బలంతో మందు 50 మైక్రోలీటర్లు ముందే ఉంటుంది, దానిమీద ఇది ఇంకో 50. అప్పటికి మి.లీ.కి 5 లక్షల బాక్టీరియా తేలాలి.

తేలిందో లేదో ఎవడూ చూడడు, అక్కడే కొంప మునుగుతుంది. ప్లేటు నింపగానే మందులేని వెల్‌లోంచి 10 మైక్రోలీటర్లు తీసి 10 మి.లీ. సెలైన్‌లో కలిపి, అందులో 100 మైక్రోలీటర్లు అగార్ మీద పరుచు. మర్నాటికి 50 కాలనీలు, కాస్త అటూ ఇటూ. రెండు మూడు వందలొస్తే ఇనాక్యులం (వెల్‌లో వేసిన బాక్టీరియా) చిక్కనైపోయినట్టే, బీటా లాక్టమ్ మందుల ఎంఐసీలు పైకి ఎగబాకుతాయి. అసలే దీని క్రోమోజోమ్‌లోనే ఆ మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు, మెటల్లో బీటా లాక్టమేజులు, రెండున్నాయి, అదే కుటుంబపు మెరోపెనెమ్ మీద ఆశలు పెట్టుకోకు.

35 డిగ్రీలు, 16 నుంచి 20 గంటలు. పక్కనే, ఫలితం ఎంత రావాలో ముందే తెలిసిన ఈ.కొలై ఏటీసీసీ 25922 పెట్టు. దాని మినోసైక్లిన్ ఎంఐసీ 0.25 నుంచి 1 లోపల పడకపోతే ఆ మందు ఫలితాలు ఇవ్వకు. కోట్రైమాక్సజోల్‌కి మబ్బు పూర్తిగా పోయేదాకా చూడకు, 80 శాతం తగ్గిన వెల్ దగ్గరే ఆగు. లేకపోతే లేని రెసిస్టెన్స్ రాసేస్తావు. మినోసైక్లిన్ 4 దాకా, లీవోఫ్లాక్సాసిన్ 2 దాకా ససెప్టిబుల్.

కోప్పడ్డట్టున్నానా? నీ మీద కాదులే, ఆ చార్టు మీద.

ఇంకోటి, మెషిన్ దీన్ని మెనింగోసెప్టికా జాతి అందన్నావు. పాత డేటాబేస్ అయితే రాణిగారి ఇంకో జాతి అనోఫెలిస్‌ని కూడా అలాగే అంటుంది, మాల్డీకి (ప్రోటీన్లను బట్టి జాతి తేల్చే యంత్రం) పంపించు. ఐసీయూ సింకులు, కుళాయిల స్వాబ్‌లు కూడా తీయించు, ఎందుకంటే క్రితంసారి నీ వార్డులో... అయ్యో, టైమర్ మోగుతోంది, ప్లేట్లు చదవాలి. మిగతాది ఫోన్‌లో. ముందు ఆ రిపోర్టు వెనక్కి తెప్పించు.

నీ,
మజ్జిగ