చంబా శిఖరాల మీది కొయ్య గొడుగులు

సంపాదకులకు,

హిమాచల్‌లోని చంబాను మన యాత్రా వ్యాసాలు మణిమహేశ్ సరస్సు యాత్ర దారిలో మజిలీగానే చూపడం బాధాకరం. దాదాపు 920లో రాజు సాహిల వర్మ భర్మోర్ నుంచి రాజధానిని ఇక్కడికి మార్చాడు. లక్ష్మీనారాయణ ప్రాంగణంలో ఆరు రాతి గుడులు ఒకే వరుసలో ఉన్నాయి; మూడు విష్ణువువి, మూడు శివుడివి.

ఈ గుడుల శిఖరాలపై ఉన్న కొయ్య గొడుగులు అలంకారం కోసం కాదు. మంచును, వాననీటిని రాతికి దూరంగా జారుస్తాయి. గొడుగులో ఒక్క పలక పుచ్చినా నీరు రాళ్ల సందుల్లోకి దిగుతుంది. గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బి రాతి అంచుల్ని పొరలుగా రాలుస్తుంది. ఆ సందుల్ని సిమెంటుతో పూడిస్తే తేమ లోపలే చిక్కుకుని నష్టం పెరుగుతుంది. సున్నమే వాడాలి, తడిగోనెలు కప్పి నెమ్మదిగా ఆరనివ్వాలి, గడ్డకట్టే చలి రాకముందే ముగించాలి. ఏటా వానలకు ముందు పలకలు పరీక్షించడం ఖర్చులేని పని, దాన్ని మాత్రం వాయిదా వేయకూడదు.

– ఒక పాఠకుడు, హనుమకొండ